చైనా వెండి ముద్రలు: డబ్ల్యూ హెచ్ 90 మగ్గు, వెదురు కాడ స్పూన్లు, ఒక ఫోర్కు. వీటిలో ఏది అసలు?

పాతసామాను_సికిందరాబాద్

నమస్కారం. పాత బంగళా సామాన్ల వేలంలో వచ్చిన మూడు వస్తువుల గురించి అడుగుతున్నాను. "చైనా వెండి, వందేళ్ల పైమాటే" అని నోటిమాటగా చెప్పారు తప్ప కాగితాలేమీ లేవు.

ఒకటి, పిడి ఉన్న మగ్గు. ఎత్తు 11 సెం.మీ., బరువు 512 గ్రా. చుట్టూ ఉబ్బెత్తు డ్రాగన్, పిడి కూడా డ్రాగనే. అడుగున ఇంగ్లిషులో డబ్ల్యూ హెచ్, పక్కన 90, కింద రెండు చైనా అక్షరాలు.

రెండు, ఆరు టీస్పూన్లు. కాడలు వెదురు కణుపుల మాదిరి. వెనక 90, ఒక చైనా ముద్ర. ఇంగ్లిషు అక్షరాల్లేవు.

మూడు, పెద్ద ఫోర్కు, 92 గ్రా. ఫిడేలు ఆకారపు కాడ, దాని మీద చిన్న పక్షి బొమ్మ చెక్కి ఉంది. వెనక సింహం, చిరుత తల, రాజు తల, ఒక విడి అక్షరం, ఆ పక్కన మూడు వరసల్లో డబ్ల్యూ ఈ, డబ్ల్యూ ఈ, డబ్ల్యూ సి. ఇది ఇంగ్లండుదే అయ్యుండొచ్చు, పొరపాటున చైనా వాటిలో కలిపారేమో.

ముద్ర చూసి అసలుదో కాదో చెప్పగలమా? 90 అంటే 90 శాతం వెండి అనేనా?

గీటురాయి

ముద్ర చూసి చెప్పడం ఇంగ్లండు వెండికి చెల్లుతుంది. అక్కడ పరీక్ష కార్యాలయం వన్నె చూశాకే సింహం ముద్ర కొడుతుంది, దొంగ ముద్ర కొట్టడం నేరం. ఆ రోజుల చైనాలో అలాంటి కార్యాలయమే లేదు. వెండి వస్తువుకి ఇంత వన్నె ఉండాలని రాజ్యం పెట్టిన నియమమూ లేదు. అక్కడ ముద్ర అంటే దుకాణందారు ఇచ్చిన మాట. ఆ మాట చాలామంది నిలబెట్టుకున్నారు, అది వేరే సంగతి.

19వ శతాబ్దం చివరి నుంచి 1930ల దాకా విదేశీయుల కోసం చేసిన సరుకు మీద మామూలుగా మూడు భాగాలు కనిపిస్తాయి. ఇంగ్లిషు పొడి అక్షరాలు, అంటే అమ్మిన కొట్టు పేరు. అంకె, అంటే వన్నె. చైనా అక్షరాలు, అంటే ఎక్కువగా ఆ వస్తువు చేసిన పనివాడిదో, పనివాళ్ల కొట్టందో గుర్తు. కొట్టువాళ్లు అందరూ స్వయంగా చేసేవాళ్లు కాదు, బయట కొట్టాలకి పని ఇచ్చేవాళ్లు. అందుకే ఒకే డబ్ల్యూ హెచ్ కింద రకరకాల చైనా ముద్రలు దొరుకుతాయి. అది అనుమానించాల్సిన విషయం కాదు.

90 సంగతి. ఇది 900 వన్నెకి (వెయ్యి పాళ్లలో 900 వెండి) దగ్గర అని చెప్పడం. అప్పట్లో కరిగించిన వెండిలో పెద్ద వాటా విదేశీ వెండి డాలర్లది. మెక్సికో డాలర్ బరువు 27.07 గ్రా., వన్నె 902.7. దాన్ని కరిగించి సాగగొడితే వచ్చేది 90. 85, 80 అని కొట్టినవీ ఉన్నాయి. 90 అని ఉన్న వస్తువు పరీక్షలో కొంచెం అటూ ఇటూ రావడం మామూలే. కానీ ఎటు వచ్చింది, ఇంకేం కలిసింది అనేది చూడాలి.

మగ్గు 512 గ్రాములు అన్నారు. 11 సెం.మీ. మగ్గుకి అది ఎక్కువ. లోపలి గోడ ఎలా ఉందో రాయండి.

కాంటన్_కబుర్లు

డబ్ల్యూ హెచ్ అంటే వాంగ్ హింగ్. కాంటన్ (ఇప్పటి గ్వాంగ్‌జౌ), హాంకాంగ్‌లలో పెద్ద కొట్టు. 19వ శతాబ్దం రెండో సగం నుంచి 20వ శతాబ్దం తొలి దశాబ్దాల దాకా సరుకు బాగా తెచ్చారు. చైనా వెండిలో అందరికీ తెలిసిన పేరు అదే కాబట్టి దొంగ ముద్రలు కూడా ఎక్కువ దాని పేరునే వస్తాయి. లువెన్ వో (షాంఘై), టక్ చాంగ్ (షాంఘై), హంగ్ చాంగ్ (కాంటన్, షాంఘై), జీ వో (షాంఘై) వీటికీ గిరాకీ ఉంది గానీ నకిలీల జోరు అంత లేదు.

పొడి అక్షరాలతో తొందరపడొద్దు. రెండక్షరాల ముద్రలు ఒకే జతని ఒకరికంటే ఎక్కువమంది వాడారు. హింగ్, వో, షింగ్, కీ, చాంగ్ లాంటివి చైనా కొట్ల పేర్లలో మాటిమాటికీ వచ్చే శుభ పదాలు. ఎల్ హెచ్, హెచ్ సి, సి డబ్ల్యూ అంటూ ఉత్త పొడి అక్షరాలు మాత్రమే ఉంటే కొట్టు పేరు ఖాయం చేయలేం. పక్కన ఉన్న చైనా ముద్ర ఎప్పుడూ ఆ కొట్టుతోనే కనిపిస్తోందా అని సరిపోల్చాకే చెప్పాలి.

భూతద్దం_10ఎక్స్

ఫోటోలు పెట్టేముందు ఒక మాట. ఫ్లాష్ వద్దు. చీకటి గదిలో టార్చిని ముద్రకి దాదాపు పక్కవాటుగా, 15 నుంచి 20 డిగ్రీల కోణంలో పెట్టి ఒక ఫోటో, ఎదురు వైపు నుంచి ఇంకొకటి. ఒకే వెలుగులో తీస్తే గుంట ఉబ్బులా, ఉబ్బు గుంటలా కనిపించి అక్షరం తప్పుగా చదువుతాం. పక్కన స్కేలు పెట్టండి. చైనా ముద్ర ఇంగ్లిషు అక్షరాలకి తలకిందులుగా కొట్టి ఉండొచ్చు, కాబట్టి నాలుగు దిక్కులా తిప్పి చూడాలి. అక్షరాలు అడ్డంగా ఉంటే పాతవాటిలో కుడి నుంచి ఎడమకి చదవాలి. ఫోన్‌లో అనువాద యాప్ ఎడమ నుంచి చదివి ఏదో చెబుతుంది, దాన్ని నమ్మొద్దు.

ముద్రలోకి సుద్దపొడి, పౌడరు రుద్దకండి. సన్న కాగితం వేసి మెత్తని పెన్సిల్‌తో రుద్దితే చాలు.

పాతసామాను_సికిందరాబాద్

ఫోటోలు పెట్టాను. మగ్గుకి ఒకటే గోడ. లోపల నున్నగా ఉంది, బయట డ్రాగన్ ఉబ్బిన చోట లోపల గుంట లేదు. పిడి లోపలి వైపు పొడుగునా సన్నని గీత ఉంది. స్పూన్లలో ఐదింటి మీద ఒకే చైనా ముద్ర, ఆరోదాని మీద వేరేది. ఆరోది తర్వాత కలిపిందా?

భూతద్దం_10ఎక్స్

మగ్గు విషయం చాలావరకు ఇక్కడే తేలిపోయింది. రేకు మీద లోపలి నుంచి కొట్టి ఉబ్బించిన నగిషీ అయితే ఉబ్బు వెనక గుంట తప్పక ఉంటుంది. ఆ గుంటలు కనబడకుండా ఈ రకం డ్రాగన్ మగ్గులు చాలావాటికి లోపల ఇంకో నున్నని గోడ తొడిగారు. అంటే గుంటలైనా కనబడాలి, రెండో గోడైనా ఉండాలి. ఒకటే గోడ, లోపల నునుపు, బరువు 512 గ్రాములు అంటే అది పోత పోసిన వస్తువు. పిడి మీద గీత అచ్చు రెండు భాగాలు కలిసిన చోటు. ఆ గీత ఒక్కటే ఉంటే ఏమీ అనేవాణ్ని కాదు, అసలు మగ్గుల్లో కూడా పిడి విడిగా పోతపోసి అతికించేవాళ్లు.

ఇక ముద్ర. పంచ్‌తో కొట్టిన ముద్రకి అడుగు సమంగా, మెరుపుగా ఉంటుంది. చుట్టూ లోహం కొంచెం పైకి లేస్తుంది. రేకు పలచనైతే వెనక వైపు కూడా మసకగా తెలుస్తుంది. మీ ఫోటోలో 90లోని సున్నా లోపల చిన్న చిన్న గుంతలున్నాయి, అక్షరాల అంచులు కరిగినట్టున్నాయి. ఇది పోతలో వచ్చిన ముద్ర. అంటే ఎవరో అసలు వాంగ్ హింగ్ మగ్గుని పట్టుకుని రబ్బరు అచ్చు తీశారు, దాంతోపాటు ముద్ర కూడా వచ్చేసింది. అందుకే చైనా అక్షరాలు తప్పుల్లేకుండా ఉన్నాయి. అక్షరాలు సరిగ్గా ఉన్నాయి కాబట్టి అసలు అనుకునేవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు.

ఇంకో పరీక్ష ఉంది. పోత చల్లారాక కుంచించుకుపోతుంది, కాబట్టి నకలు మీది ముద్ర అసలు ముద్ర కంటే పిసరంత చిన్నది. అదే పనికొట్టం ముద్ర కొలత తెలిస్తే దీన్ని పక్కన పెట్టి చూడొచ్చు.

నిలువుటద్దం

అంత తొందరగా కొట్టిపారేయకండి. కాంటన్‌లో పోత పని కూడా చేశారు. ఉప్పు గిన్నెల కాళ్లు, మూతల మీది బొమ్మలు, డ్రాగన్ పిడులు అన్నీ పోతే కదా.

భూతద్దం_10ఎక్స్

పోత భాగాలు ఉన్నాయి, ఎవరూ కాదనరు. గోడంతా పోసిన మగ్గు అనేదే తేడా. ముద్ర కూడా పోతలో వచ్చింది చూడండి. ఆనాటి కొట్టం మగ్గు మొత్తం పోసినా ముద్ర మాత్రం చివర్లో పంచ్‌తో కొట్టేది. ముద్రని పోతపోసే అవసరం నకలు తీసేవాడికే.

టంచ్_బేగంబజార్

మాటలెందుకు, క్యారెట్ మీటర్ (ఎక్స్‌రేలతో ఏ లోహం ఎంతుందో చూపే మిషన్) మీద పెట్టించండి. బేగంబజార్‌లో, సికిందరాబాద్ జనరల్ బజార్‌లో టంచ్ (వన్నె) చూసే దుకాణాలున్నాయి. అయితే "వెండి ఎంత" అని మాత్రం అడిగి రాకండి. మిషన్‌లో రాగి, జింకు, సీసం, బంగారం, నికెల్, కాడ్మియం అన్నీ చూపించే పట్టీ తీసుకోండి.

ఎక్కడ పెట్టాలో కూడా మీరే చెప్పాలి. మిషన్ చూసేది పైపొర మాత్రమే, కొన్ని పదుల మైక్రాన్లు. పాత పనిలో వస్తువుని కాల్చి ఆమ్లంలో ముంచితే పైన రాగి కరిగి వెండి మిగులుతుంది, కాబట్టి పైపొర రెండు మూడు శాతం ఎక్కువ చూపిస్తుంది. స్పూన్‌కి గిన్నె మడమ దగ్గర, మగ్గుకి అడుగు అంచు మీద, అంటే అరిగిన చోటే పెట్టించండి. ఒకసారి అతుకు మీద కూడా. టంకంలో కాడ్మియం తగిలితే ఆ అతుకు 20వ శతాబ్దపుది. వస్తువు మొత్తం కొత్తదని కాదు, మరమ్మతు కూడా అయ్యుండొచ్చు.

యాసిడ్ చుక్క నేరుగా వస్తువు మీద వేయనివ్వకండి. గీటురాయి మీద గీసి, నైట్రిక్ యాసిడ్‌లో పొటాషియం డైక్రోమేట్ కలిపిన ద్రావణం ఆ గీత మీద వేస్తే మంచి వెండి రక్తపు ఎరుపు తిరుగుతుంది, వన్నె తగ్గేకొద్దీ ఎరుపు గోధుమలోకి దిగుతుంది, జర్మన్ సిల్వర్ (పేరుకే వెండి, నిజానికి నికెల్ మిశ్రమం) అయితే ఎరుపు రాదు. ఇందులో మోసం ఎక్కడంటే, గీత పైపైన గీస్తే రాయికి అంటేది పూత మాత్రమే. మందంగా వెండి పూత వేసిన ఇత్తడి కూడా పాసైపోతుంది. ఆ ద్రావణం విషం, చేతికి తగలనివ్వొద్దు.

గీటురాయి

మీటర్ దాకా వెళ్లేలోపు ఇంట్లోనే సాంద్రత చూడొచ్చు. గిన్నెలో నీళ్లు పోసి త్రాసు మీద పెట్టి సున్నా చేయండి. వస్తువుని దారంతో వేలాడదీసి పూర్తిగా ముంచండి, అడుగుకీ గోడకీ తగలకూడదు. త్రాసు చూపించే గ్రాములే వస్తువు ఘనపరిమాణం. పొడి బరువుని దాంతో భాగించండి. వెండి, రాగి మాత్రమే ఉంటే లెక్క ప్రకారం 925 వన్నెకి 10.36, 900కి 10.31, 800కి 10.14 వస్తుంది. జర్మన్ సిల్వర్, ఇత్తడి 8.4 నుంచి 8.8 మధ్య.

రెండు చోట్ల తప్పుతుంది. నీటి బుడగలు అంటుకుంటే సాంద్రత తక్కువొస్తుంది. ఒక చుక్క గిన్నెలు కడిగే లిక్విడ్ కలిపి, వస్తువుని మెల్లగా ఊపండి. రెండోది త్రాసు. 20 గ్రాముల స్పూన్ ఒక్కటే ముంచితే ఘనపరిమాణం 1.9 చుట్టూ వస్తుంది, 0.1 గ్రా. త్రాసు 1.9కి బదులు 2.0 చూపిస్తే జవాబు 10.5 నుంచి 10.0కి పడిపోతుంది. కాబట్టి ఆరు స్పూన్లూ కట్టగట్టి ఒకేసారి ముంచండి, లేదా 0.01 గ్రా. త్రాసు వాడండి. రెండు గోడల మగ్గులకీ, లోపల బోలుగా ఉన్న పిడులకీ ఈ పద్ధతి పనికిరాదు, లోపలి గాలి లెక్క చెడగొడుతుంది. మీ మగ్గుకి ఒకటే గోడ కాబట్టి పనికొస్తుంది.

పాతసామాను_సికిందరాబాద్

రెండూ చేయించాను.

మగ్గు: 512 గ్రా., నీటిలో 49.9. సాంద్రత 10.26. మీటర్‌లో వెండి 92.6, రాగి 4.9, జింకు 2.5. బంగారం, సీసం లేవు.

ఆరు స్పూన్లు కలిపి: 117.6 గ్రా., నీటిలో 11.4. సాంద్రత 10.32. మీటర్‌లో (రెండు స్పూన్లు చూశారు, వేరే ముద్ర ఉన్నది కూడా) వెండి 90.4, రాగి 8.9, సీసం 0.4, బంగారం 0.2. రెండోది కూడా దాదాపు ఇంతే.

ఫోర్కు: వెండి 91.8, రాగి 7.4, సీసం 0.5, బంగారం 0.2.

మగ్గులో వెండి ఎక్కువే ఉంది కదా, అది మంచిదే కదా?

గీటురాయి

తూకానికి అమ్మితే మంచిదే. పాతదనానికి అదే దానికి ఎదురు సాక్ష్యం. ముద్ర 90 అంటోంది, లోహం 92.6 అంటోంది, జింకు 2.5. ఈనాడు పోతకి వాడే 925 మిశ్రమంలో పోత నల్లబడకుండా, బాగా పారేలా జింకు లాంటివి కలుపుతారు. బంగారం, సీసం బొత్తిగా లేకపోవడం ఆధునికంగా శుద్ధి చేసిన వెండికి గుర్తు. పాత డాలర్లు కరిగించిన వెండిలో ఈ రెండూ శాతంలో చిన్న వంతుగా మిగిలిపోతాయి, మీ స్పూన్లలోనూ ఫోర్కులోనూ ఉన్నట్టు. సాంద్రత 10.36 రావాల్సింది 10.26 రావడానికి జింకు కొంత, పోతలో మిగిలిన గాలిరంధ్రాలు కొంత కారణం.

స్పూన్ల సాంద్రత 10.32 చూసి 900 తేలిందని సంబరపడొద్దు. 11.4 అనేది 11.35 నుంచి 11.45 దాకా ఎక్కడైనా ఉండొచ్చు, అంటే 870 నుంచి 925 దాకా ఏ వన్నె అయినా కావొచ్చు. అది జర్మన్ సిల్వర్ కాదు, పూత కాదు అని మాత్రమే ఆ అంకె చెప్పింది. 90ని బలపరిచింది మీటరు.

కాంటన్_కబుర్లు

ఆరో స్పూన్ మీద వేరే ముద్ర గురించి: పైన చెప్పిన సంగతే, కొట్టు ఒకటి, పనివాళ్లు వేరు. ఒక సెట్టులో రెండు పనికొట్టాల ముద్రలు ఉండటం వింత కాదు. లోహం ఒకేలా ఉంది, అరుగుదల కూడా అన్నిటికీ ఒకేలా ఉంటే ఆ ఆరూ మొదటి నుంచీ కలిసే ఉన్నాయని అనుకోవచ్చు. వెదురు కణుపుల లెక్క, గిన్నె పొడవు పోల్చి చూడండి. అవి కూడా తేడా వస్తే అప్పుడు తర్వాత కలిపారనుకోవాలి.

లిపి_చూపు

స్పూన్ ముద్ర ఫోటో 4 చూశాను. అందులో రెండో అక్షరం "యిన్", వెండి. పాత లిపిలో దాని ఎడమ సగం లోహాన్ని సూచించే గుర్తు. పైన ఇంటి కప్పులాంటి రెండు వాలు గీతలు, కింద అడ్డగీతలు, మొత్తం 8 గీతలు. కుడి సగం 6. మొత్తం 14. చైనాలో 1956లో మొదలుపెట్టిన సరళ లిపిలో ఎడమ సగం 5 గీతలకి తగ్గింది, మొత్తం 11. కొత్త ముద్రలు చాలావాటిలో ఈ 11 గీతల రూపమే కనిపిస్తుంది. చింగ్ రాజుల కాలపు (1912కి ముందు) వస్తువు అని అమ్ముతూ సరళ లిపి ముద్ర ఉంటే ఇంక వేరే పరీక్ష అక్కర్లేదు. మీ స్పూన్ మీద ఎడమ సగం పాత రూపమే. పాత రూపం ఉన్నంత మాత్రాన పాతదని కాదు. హాంకాంగ్, తైవాన్‌లలో ఇవాళ్టికీ అదే రాస్తారు, నకిలీవాళ్లలో తెలివైనవాళ్లు కూడా.

దేశీయుల కోసం చేసిన సరుకు మీద (తలపిన్నులు, తాళాల ఆకారపు పిల్లల పతకాలు) ఇంగ్లిషు ఉండదు. కొట్టు పేరు, దాని కింద "వెన్ యిన్", "జూ యిన్", "జూ వెన్" లాంటి మాటలు ఉంటాయి. అన్నీ మేలైన వెండి అనే అర్థంలో వాడినవే. అవి కొట్టువాడి పొగడ్త, అంకె కాదు. "వెన్"లో ఎడమ గుర్తు పాత లిపిలో 6 గీతలు, సరళ లిపిలో 3.

ఇంగ్లిషు అక్షరాల్లో కూడా చూడాల్సింది ఒకటుంది. కాంటన్ కొట్ల పేర్లు కాంటన్ ఉచ్చారణలోనే రాసేవాళ్లు: హింగ్, షింగ్, వో. ఈనాటి రోమన్ లిపి పద్ధతి పిన్‌యిన్ 1958లో వచ్చింది. అందులో ఎక్స్, క్యూ అక్షరాలతో మొదలయ్యే మాటలు వస్తాయి. అలాంటి స్పెల్లింగ్ ఉన్న "19వ శతాబ్దపు" ముద్ర నమ్మదగింది కాదు. ఊరి పేరు బీజింగ్ అని ఉన్నా అంతే, పాతవాటి మీద పెకింగ్ అని ఉంటుంది. 1928 నుంచి 1949 దాకా అధికారికంగా పేపింగ్.

నిలువుటద్దం

"చైనా" అని ఇంగ్లిషులో ఉంటే?

కాంటన్_కబుర్లు

అమెరికా 1890 సుంకాల చట్టం ప్రకారం 1891 నుంచి దిగుమతి సరుకు మీద పుట్టిన దేశం పేరు ఇంగ్లిషులో ఉండాలి. కాబట్టి ఆ మాట ఉంటే ఎక్కువగా ఆ తర్వాతదే. "మేడ్ ఇన్ చైనా" ఉంటే ఇంకా తర్వాతది, 1920ల నుంచి ఎక్కువ. లేకపోతే ముందుదని కాదు. హాంకాంగ్‌లోనో షాంఘైలోనో నేరుగా కొన్నవాళ్ల వస్తువుల మీద అది కొట్టాల్సిన పనేముంది?

చెక్కిన రాతలుంటే ముద్ర కంటే అవే బాగా ఉపయోగపడతాయి. రేసుల కప్పులు, క్లబ్బు బహుమతుల మీద సంవత్సరం ఉంటుంది. చైనా భాషలో గణతంత్ర సంవత్సరం ఉంటే దానికి 1911 కలపాలి. 13వ ఏడు అంటే 1924. అరవై ఏళ్ల చక్రం పేరు ఉంటే మన ప్రభవాది సంవత్సరాల ఇబ్బందే: గంగ్‌జీ అంటే 1840, 1900, 1960 ఏదైనా కావొచ్చు, పనితనం చూసి ఎంచుకోవాలి.

టంచ్_బేగంబజార్

జపాన్ వెండి కూడా చైనాదని అమ్ముతుంటారు. 950 అని ఉంటే ముందు జపాన్ అనుకోండి. "స్టెర్లింగ్ 950" అని రెండూ కలిపి కొట్టినవి కూడా ఉంటాయి, స్టెర్లింగ్ అంటే 925 కాబట్టి అర్థం లేని జోడింపు, కానీ జపాన్ పర్యాటక సరుకులో మామూలే. స్వచ్ఛమైన వెండి అనే రెండక్షరాల ముద్ర (జపాన్‌లో జున్‌గిన్ అంటారు) ఎక్కువగా అక్కడిదే. ఐరిస్ పూలు ఉబ్బెత్తుగా ఉన్న కప్పులు, పెట్టెలు చూస్తే గుర్తుపడతారు.

వెండే కానివి ఇంకో పక్క. "టిబెట్ వెండి", "మియావో వెండి" అని ఆన్‌లైన్‌లో వచ్చేవి ఎక్కువగా రాగి, నికెల్ మిశ్రమాలు. చైనాలో పాత కాలం నుంచీ ఉన్న పైటంగ్ (రాగి, నికెల్, జింకు) వేరే. కొవ్వొత్తి స్తంభాలు, హుక్కాలు దానితో బాగా చేసేవాళ్లు, దానికి తన విలువ తనకుంది, వెండి కాదు అంతే.

పాతసామాను_సికిందరాబాద్

ఫోర్కు గురించి ఎవరూ చెప్పలేదు.

కాంటన్_కబుర్లు

మూడింటిలో అదే అన్నిటికన్నా పాతది కావొచ్చు, అందుకే ఆగాను.

డబ్ల్యూ ఈ, డబ్ల్యూ ఎఫ్, డబ్ల్యూ సి అనేది లండన్‌లో విలియం ఈలీ, విలియం ఫియర్న్, విలియం చానర్ ముగ్గురూ కలిసి 1808 నుంచి 1814 దాకా వాడిన ముద్ర. మీదాంట్లో రెండో వరసలో ఎఫ్ ఉండాల్సిన చోట మళ్లీ ఈ ఉంది. అరుగుదల వల్ల కాదు, ఫోటోలో కింది అడ్డగీత స్పష్టంగా ఉంది. కాంటన్ పనివాడు ముందున్న ఇంగ్లండు ఫోర్కుని చూసి చెక్కిన పంచ్ అది. ఈ తప్పు ముద్ర చైనా ఎగుమతి వెండిలో తెలిసినదే. అప్పట్లో పాశ్చాత్య వ్యాపారులు 1842 దాకా కాంటన్‌లోనే వ్యాపారం చేయాలి, ఇంటి నుంచి తెచ్చిన ఫోర్కు చూపించి ఇలాంటివే రెండు డజన్లు చేయమంటే ముద్రలతో సహా చేసిచ్చేవాళ్లు. మోసం ఉద్దేశం ఎంత ఉందో ఎవరికి వారు అనుకోవచ్చు. చైనా వెండి సేకరించేవాళ్లు వీటిని దొంగ ముద్రలుగా చూడరు, ఒక కాలానికి గుర్తుగా చూస్తారు. కట్‌షింగ్, ఖెచాంగ్ లాంటి కొట్లు కూడా సింహం, తల ముద్రల పక్కన తమ అక్షరాలు కొట్టాయి.

తేదీ: 1808కి ముందు కాదు. ఆ పంచ్‌లు చాలా ఏళ్లు వాడి ఉంటారు కాబట్టి కింది హద్దు మాత్రమే గట్టిగా చెప్పగలం.

నిలువుటద్దం

కలకత్తా, మద్రాసు కంపెనీలు కూడా ఇలా ఇంగ్లండు ముద్రల నకళ్లు వాడాయి కదా. మన దేశంలో దొరికిన ఫోర్కు చైనాదే అని ఎలా అంటారు?

గీటురాయి

న్యాయమైన ప్రశ్న. హామిల్టన్ (కలకత్తా), ఓర్ (మద్రాసు) లాంటివాళ్లు తమ పేరో, పొడి అక్షరాలో పెట్టుకున్నారు, లండన్ వాళ్ల ముద్రని అక్షరం తప్పుతో ఎత్తి రాయలేదు. ఆ తప్పు ముద్రే ఇక్కడ సాక్ష్యం. 92 గ్రాములనే బరువు కూడా చైనా వైపే మొగ్గుతుంది. అదే ఆకారపు లండన్ ఫోర్కులు సాధారణంగా తేలిక. మీటరు 91.8 చెప్పింది. లండన్ అయితే 92.5 దాటాలి, కానీ ఇంత దగ్గరి తేడాతో, అదీ పైపొర కొలతతో తీర్పు చెప్పను.

ఒక్కటి చూడండి. ముద్రల మీద ఆవిరి ఊదండి. నోటి ఆవిరి పట్టగానే చుట్టూ టంకం గీత బయటపడితే ముద్రల ముక్కని వేరే వస్తువు నుంచి కోసి అతికించారని అర్థం. ఫోర్కుల్లో అరుదు, పెద్ద పాత్రల అడుగుల్లో తరచూ జరుగుతుంది. అలాగే పాత గీతల మీదుగా ముద్ర కొట్టి ఉంటే, అంటే గీత ముద్ర అంచు దగ్గర తెగి ముద్ర అడుగు శుభ్రంగా ఉంటే, ముద్ర తర్వాత కొట్టిందే. ముద్రలేని పాత వెండికి పేరున్న కొట్టు ముద్ర కొట్టి ధర పెంచడం మామూలు మోసం. వస్తువు పాతదే, లోహం పాతదే, మీటరు కూడా పాసవుతుంది. దాన్ని పట్టించేది ఈ గీతలే.

పాతసామాను_సికిందరాబాద్

ఊదాను, టంకం గీత లేదు. సింహం ముద్ర దగ్గర పాత గీతలు ముద్ర అడుగులో కూడా కొనసాగుతున్నాయి. స్పూన్లు నల్లబడ్డాయి, చింతపండుతో తోమొచ్చా? ఫోర్కుని లండన్ వేలానికి పంపితే ఎలా ఉంటుంది?

భూతద్దం_10ఎక్స్

గీతలు ముద్ర అడుగులో కూడా ఉంటే ముద్ర కొట్టాక ఆ వస్తువు వాడకంలో ఉందన్నమాట, మంచిదే.

చింతపండు, బూడిద, నిమ్మకాయ ఏదీ వద్దు. నగిషీ గుంటల్లో నలుపు ఉండాలి, అదే పోతే బొమ్మ చదునైపోతుంది. గోరువెచ్చని నీళ్లు, ఒక చుక్క లిక్విడ్ సబ్బు, మెత్తని బ్రష్, తర్వాత పాత నూలు గుడ్డతో పూర్తిగా తుడవడం. వెండి దుకాణంలో "మెరుగు పెట్టిస్తాం" అని మోటారు చక్రం మీద పెడితే ముద్ర అంచులు, ఫోర్కు మీది పక్షి బొమ్మ ఒక్క నిమిషంలో పోతాయి. రబ్బరు బ్యాండ్లు కట్టి దాచొద్దు, వాటిలోని గంధకం వెండి మీద నల్లటి చార పడేస్తుంది.

కాంటన్_కబుర్లు

లండన్ ఆలోచన మానుకోండి. 1972 పురావస్తువుల, కళాఖండాల చట్టం కింద వందేళ్లు దాటిన కళాత్మక పనితనపు వస్తువు పురావస్తువే. తయారైంది చైనాలో అయినా మన దేశంలో ఉన్నప్పుడు ఆ చట్టం వర్తిస్తుంది. ప్రైవేటు వ్యక్తి దాన్ని బయటికి పంపడానికి వీల్లేదు. 1808 తర్వాతి ఫోర్కుకి ఆ లెక్క సులభంగా పడుతుంది. స్పూన్లు 1890ల నుంచి 1930ల మధ్య ఎప్పటివైనా కావొచ్చు, కాబట్టి వాటికి ముందు పురావస్తువు కాదని భారత పురావస్తు శాఖ నుంచి ధ్రువపత్రం తీసుకోవాలి. మగ్గు కొత్తదే అని మనం తేల్చినా కస్టమ్స్‌లో "వాంగ్ హింగ్ 90" చూసి ఆపితే అదే కాగితం అడుగుతారు. దేశంలోపల అమ్మడానికి అడ్డు లేదు. మగ్గుని అమ్మేటప్పుడు పోత నకలు అని రాసి అమ్మండి, లేకపోతే ఇంకో చోట ఇదే చర్చ మళ్లీ మొదలవుతుంది.

ఫోర్కు మీది పక్షి బొమ్మ ఫోటో దగ్గరగా తీసి పెట్టండి. అది ఏదో కుటుంబం చిహ్నమైతే, ఆ ఇంటివాళ్లు కాంటన్‌లోనో ఈస్టిండియా కంపెనీ ఓడల మీదో ఎప్పుడు పనిచేశారో దొరికితే పై హద్దు కూడా వస్తుంది. పక్షి కాలు కింద మెలితిప్పిన తాడులాంటి గీత ఉందా, అదీ చూడండి, కుటుంబ చిహ్నాలకి మామూలుగా అది ఉంటుంది.

పాతసామాను_సికిందరాబాద్

ఉంది. ఆరు మెలికలు. ముక్కులో ఏదో రెమ్మ పట్టుకున్నట్టుంది. రేపు పగటి వెలుగులో తీసి పెడతాను.